డిక్కీ డప్పు మోగకుండా...

భీమడోలు సెంటర్లో నిలబడితే కారుకి మూడు దారులు. ఒకటి, ఐదో నంబరు జాతీయ రహదారిగా పెద్దవాళ్లందరికీ అలవాటైన ఏలూరు - తాడేపల్లిగూడెం రోడ్డు. రెండోది ఉత్తరంగా మెట్ట మీదికి, చిన్న తిరుపతి అని పిలుచుకునే ద్వారకా తిరుమలకి. మూడోది దక్షిణంగా కొల్లేటివైపు, ఆగడాలలంక లాంటి ఊళ్లకి. చిన్నకారున్న ఇంట్లో ఈ మూడూ తప్పవు. పెళ్లికో ఆసుపత్రికో మొదటిది, మొక్కుకి రెండోది, చుట్టాలింటికో చేపల చెరువు దగ్గరికో మూడోది.

తమాషా ఏంటంటే... కారు ఒకటే, డిక్కీ ఒకటే. కానీ ఒక్కో రోడ్డు మీద ఒక్కో పాట పాడుతుంది. పెద్ద రోడ్డెక్కి 80 దాటిందా, 'హూ'మని ఒకటే హోరు. మెట్ట ఎక్కేటప్పుడు వీపు వెనకాల 'బూం'మంటూ చెవులు దిబ్బళ్లు పడే మోత. లంక రోడ్డు మీద ఇక చెప్పక్కర్లేదు. కటకట, కిర్రుకిర్రు, టకటక! 'ఏంట్రా అబ్బాయ్, బండి ఊడిపోతోందా' అని వెనక సీట్లోంచి నాయనమ్మ అడిగేది అక్కడే.

కారు డెకార్స్ షాపుకి వెళితే మాత్రం మూడింటికీ ఒకటే మందు చూపిస్తారు. వెండి రంగు రేకు అంటించిన నల్లటి జిగురు షీటు. 'డిక్కీ అంతా అంటించేస్తాం సార్, విమానంలో కూర్చున్నట్టుంటుంది' అంటారు. (విమానంలో ఎంత చప్పుడుంటుందో ఎక్కినవాళ్లకి తెలుసు. అది వేరే సంగతి!) ఆ షీటు మంచిదే. కానీ మూడు చప్పుళ్లలో దానికి లొంగేది ఒకటిన్నర. మిగతా ఒకటిన్నరకి దాని మీద పోసిన డబ్బు దండగే. అంతకన్నా ముఖ్యం... కొన్ని చప్పుళ్లని అసలు నొక్కేయకూడదు. అవి కారు చెబుతున్న జబ్బు కబుర్లు.

డిక్కీకే ఎందుకీ గోల?

పొడుగు డిక్కీ ఉండే సెడాన్ కారులో సామాను గది వేరు, మనుషుల గది వేరు. మధ్యలో సీటు, దాని వెనక రేకు, పైన అర. చిన్నకార్లలో ఆ అడ్డు లేదు. ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా ఒకటే గది. వెనక చక్రాల గూళ్లు సరిగ్గా డిక్కీకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి టైరు రోడ్డుని రుద్దే శబ్దం నేరుగా లోపలికొస్తుంది. ఇక ఆ వెనక తలుపు... పైన రెండు కీళ్లు, కింద మధ్యలో ఒక్క లాకు. మిల్లీమీటరు మందం కూడా ఉండని రేకు, దానికి లోపల క్లిప్పులతో బిగించిన ప్లాస్టిక్ అట్ట, పైసగం అద్దం. డప్పుకి కావాల్సిన హంగులన్నీ ఉన్నాయి. కొట్టేవాడే తక్కువ, ఆ పని రోడ్డు చేస్తుంది.

విద్యుత్ కార్లు వచ్చాక ఈ బాధ తగ్గుతుందనుకున్నవాళ్లకి ఇంకో చిత్రం ఎదురైంది. ఇంజిన్ చప్పుడు పోయేసరికి అంతకుముందు దాని చాటున దాక్కున్న డిక్కీ కిర్రుకిర్రులు స్పష్టంగా వినిపించడం మొదలెట్టాయి.

ముందు పైసా ఖర్చు లేని పని

షీటు కొనే ముందు డిక్కీ ఖాళీ చెయ్యాలి. నిజంగా ఖాళీ. జాకీ, పానా, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన కొబ్బరికాయ, నీళ్ల సీసా, పార్సిల్ ట్రే, అన్నీ తీసేసి అదే లంక రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి రావాలి. వెనక సీట్లో చెవి చురుకైనవాళ్లని కూర్చోబెట్టాలి. (నడుస్తున్న కారు డిక్కీలో మాత్రం ఎవరినీ కూర్చోబెట్టకూడదు, ఎంత నెమ్మదిగా వెళ్లినా.) కటకటల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది. స్టెప్నీ బోల్టు వదులు, జాకీకి చుట్టాల్సిన గుడ్డ లేకపోవడం, ఎవరూ పెట్టుకోని సీటుబెల్టు కొక్కెం ప్లాస్టిక్‌కి కొట్టుకోవడం, మడత సీటు లాకు సరిగ్గా పడకపోవడం... ఇలాంటివి. వీటికి షీటెందుకు? పాత సైకిల్ ట్యూబు ముక్క చాలు.

తర్వాత తలుపు అంచుల్లో ఉండే రబ్బరు బొడిపెలు. చాలా కార్లలో వీటిని తిప్పితే ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. వయసు మీదపడిన కారులో ఇవి అరిగి, తలుపు లాకులోనే ఊగుతుంటుంది. వేసిన డిక్కీని చేత్తో నొక్కి చూస్తే ఏమాత్రం కదిలినా అదే కారణం. రెండు చుట్లు తిప్పితే సరి.

ఆ పైన బీడింగు. ఓ కాగితం ముక్కని తలుపుకీ రబ్బరు బీడింగుకీ మధ్య పెట్టి డిక్కీ వేసి లాగాలి. గట్టిగా పట్టుకుంటే సరే, సులువుగా జారిపోతే అక్కడ సందున్నట్టు. చుట్టూ పది చోట్ల ఇలా చూడాలి. ఇది చప్పుడు కోసమే కాదు. వెనక తలుపు సందుల్లోంచి సైలెన్సరు పొగ లోపలికి రావచ్చు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. దూరప్రయాణంలో వెనక కూర్చున్న పిల్లలకి ఊరికే తలనొప్పి, మగత వస్తుంటే 'బస్సు పడదు, కారు పడదు' అని సరిపెట్టుకునే ముందు బీడింగునీ, సైలెన్సరు గొట్టం అతుకుల్నీ చూపించుకోవాలి.

హోరు విషయంలోనూ అంతే. ఒక పక్కకి మలుపు తిరిగినప్పుడు హోరు పెరిగి, రెండో పక్కకి తిరిగినప్పుడు తగ్గుతుంటే అది డిక్కీ దోషం కాదు. చక్రం బేరింగు అరిగిందేమో మెకానిక్ చూడాలి. టైరు మీద చెయ్యి పెట్టి రాస్తే ఒకవైపు మెట్లుమెట్లుగా తగిలినా, గాలి ఎక్కువ కొట్టించినా హోరు వస్తుంది. బేరింగు మోతని షీటుతో కప్పేయడమంటే జ్వరం చూసే థర్మామీటరుని విరగ్గొట్టడమే.

మెట్ట ఎక్కేటప్పటి 'బూం' ఇంకో రకం. నిమిషానికి 1500 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకి 50 సార్లు మంట పుడుతుంది. మూడు సిలిండర్లదైతే 37 పైచిలుకు. పెద్ద గేరులో, తక్కువ వేగంలో, బరువు లాగుతున్నప్పుడు ఆ దెబ్బలకి కారు లోపలి గాలి మొత్తం, దాంతోపాటు వెనక తలుపూ ఊగుతాయి. చెవులు దిబ్బళ్లు పడేది అందుకే. దీనికి మొదటి మందు ఒక గేరు తగ్గించడం! మోత ఠక్కున ఆగిపోతుంది. తగ్గించినా ఆగకపోతే ఇంజిన్ మౌంటింగులు, సైలెన్సరుని వేలాడదీసే రబ్బర్లు చూపించాలి. జిగురు షీటుతో ఈ మోత కొంత మెత్తబడుతుందేగానీ పోదు. షాపువాళ్లు చెప్పని ముక్క ఇదే.

మృదంగం చెప్పే పాఠం

ఇన్ని చూశాక కూడా రేకు మోగుతుందా లేదా? తేల్చడం తేలిక. మట్టికుండ కొనేటప్పుడు చేసే పనే. డిక్కీ లోపలి అట్ట తీసి రేకుని వేలి కణుపుతో కొట్టి చూడాలి. 'టంగ్'మని సాగితే షీటు కావాలి. 'టప్' అని అక్కడే ఆగితే అక్కర్లేదు. అంచుల దగ్గర, మడతల దగ్గర రేకు బిగువుగా ఉండి తక్కువ మోగుతుంది. మధ్యలో బల్లపరుపుగా ఉన్నచోటే గోలంతా.

మృదంగం వాయించేవాళ్లు కచేరీకి ముందు ఎడమవైపు చర్మం మధ్యలో రవ్వ ముద్ద అంటిస్తారు. దాంతో శబ్దం లోతుగా దిగుతుంది. చర్మం మొత్తం కప్పరు, మధ్యలో గుండ్రంగా... అంతే. డిక్కీ షీటు పెట్టాల్సిన పద్ధతీ ఇదే. మోగే రేకు విస్తీర్ణంలో పావువంతు నుంచి మూడోవంతు కప్పితే చాలు, గంటలాంటి మోత చాలావరకు ఆగిపోతుంది. ఆ తర్వాత అంటించే ప్రతి ముక్కకీ ఫలితం తగ్గుతూ, బరువు పెరుగుతూ పోతుంది. 'మూల మూలా నింపేశాం' అని షాపువాళ్లు చూపించే ఫొటో చూడ్డానికి బాగుంటుంది. అంతవరకే!

ఇంతకీ ఈ షీటు చేసేదేంటి? లోపల జిగటగా ఉండే రబ్బరు పొర, పైన అల్యూమినియం రేకు. డిక్కీ రేకు వంగినప్పుడల్లా మధ్యలో ఉన్న జిగట పొర రెండు రేకుల మధ్య నలుగుతుంది. ఆ నలుగుడులో కదలిక కాస్తా వేడిగా మారిపోతుంది. పైనున్న రేకు లేకుంటే జిగట పొర ఊరికే సాగి ఊరుకుంటుంది. ఈ రెండు పొరల కిటుకుకి 1959లో ఎడ్వర్డ్ కెర్విన్ అనే శాస్త్రవేత్త అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో లెక్క కట్టి చూపించాడు. విమానాల కోసం, ఓడల కోసం పనికొచ్చిన ఆ కిటుకే ఇవాళ డెకార్స్ షాపులో చుట్టలు చుట్టి ఉంది. అందుకే అల్యూమినియం రేకు కాస్త మందంగా, గోటితో గీస్తే చిరగనిదిగా ఉండాలి. పలచటి వెండికాగితం అంటించిన సరుకు మెరుస్తుందేగానీ పని చెయ్యదు.

తారా, బ్యూటైలా?

అసలు ఎంపిక ఇక్కడుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపలిది తారు కావచ్చు, బ్యూటైల్ రబ్బరు కావచ్చు. తారు షీటు చవక. కానీ గోదావరి, కృష్ణా జిల్లాల ఎండ సంగతి తెలియనిది కాదు. మేలో నీడలోనే 40 డిగ్రీలు దాటే రోజులెన్నో. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. ముదురు రంగు కారయితే రేకు ఇంకా కాలుతుంది. ఆ వేడికి తారు మెత్తబడి, నిలువుగా ఉన్న డిక్కీ తలుపు మీద కిందికి జారుతుంది. లాకులోకి, వైర్ల మీదికి దిగుతుంది. తలుపు తీయగానే కొత్తగా వేసిన రోడ్డు వాసన! ఆ వాసనకే సగం మంది పిల్లలకి కడుపులో తిప్పుతుంది.

'కంపెనీవాళ్లు కారు అడుగున తారు పలకలే వేస్తారు కదా' అని అడిగేవాళ్లుంటారు. వేస్తారు, నిజమే. కానీ అవి పడుకున్న నేల మీద పరిచినవి. రంగు ఆరబెట్టే కొలిమిలో రేకుకి కరిగి అతుక్కున్నవి. నిలువు తలుపుకి చేత్తో నొక్కి అంటించే తారు షీటుకీ వాటికీ పోలిక లేదు. డాబా కారకుండా అంటించే వెండి రంగు టేపుల్లో కూడా తారువి ఎక్కువ. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికింది కదా అని తెచ్చి డిక్కీకి అంటిస్తే మొదటి వేసవికే తెలిసొస్తుంది.

బ్యూటైల్ రబ్బరు ఈ వేడికి అంత తేలిగ్గా జారదు, వాసనా తక్కువ. లారీ ట్యూబులు చేసే రబ్బరు జాతే ఇది. ఏది ఏదో అనుమానముంటే అరచెయ్యంత నమూనా ముక్క అడిగి తెచ్చుకుని, తుడిచిన ఇనప రేకుకి అంటించి, డాబా మీద ఎండ తగిలేలా నిలబెట్టి రెండు రోజులు ఉంచాలి. జారినా, అంచుల్లో నల్లగా కారినా, ముక్కు దగ్గర పెడితే తారు కొట్టినా ఆ సరుకు వద్దు. నమూనా ముక్క ఇవ్వనన్న షాపు కూడా వద్దు.

మందం? డిక్కీ తలుపుకి 2 మిల్లీమీటర్లు చాలు. 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ షీటు చదరపు మీటరుకి మూడు కిలోలు, ఆ పైన తూగుతుంది. చిన్నకారు డిక్కీలో అంటించగలిగే జాగా మీటరు కూడా ఉండదు కాబట్టి, మూడోవంతు కప్పితే అదనపు బరువు కిలో లోపే. అదే 4 మిల్లీమీటర్లది మూలమూలా నింపి, దాని మీద ఇంకో పొర వేస్తే ఏడెనిమిది కిలోలవుతుంది. తలుపుని లేపి పట్టుకునే గ్యాసు రాడ్లని కంపెనీ ఆ బరువుకి లెక్కేసి పెట్టలేదు. పాతబడిన రాడ్లయితే, సామాను దించుకుంటున్న మనిషి నెత్తిన తలుపు పడుతుంది. షీటు అంటించాక తలుపు సగంలో వదిలితే అంతకుముందులా ఆగుతుందా లేదా చూసుకోవడం తప్పనిసరి.

కొల్లేటి గాలికి ఏ మెత్తన?

షీటు రేకుని ఆపుతుంది. గాలిలో తిరిగే హోరుని పీల్చాలంటే మెత్తనిదేదో కావాలి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలలో అన్న మాట ఐదున్నర సెకన్ల దాకా మార్మోగి ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. వాలెస్ సబైన్ అనే కుర్ర ప్రొఫెసర్‌కి ఆ పని అప్పగిస్తే, పక్క థియేటర్లోని సీటు దిండ్లు రాత్రిళ్లు మోయించి, శాలలో పేర్చి, ఎన్ని దిండ్లకి ఎంత మోత తగ్గుతోందో కొలిచి, తెల్లారేలోగా తిరిగి పెట్టించేవాడు. మెత్తనిది శబ్దాన్ని ఎంత మింగుతుందో లెక్క అక్కడ మొదలైంది.

అయితే కారులో దిండు పెట్టేస్తే సరా? ఇక్కడే కొల్లేరు అడ్డొస్తుంది. ఈ ప్రాంతం గాలిలో తేమ ఎక్కువ. వర్షాకాలంలో తలుపు లోపల చెమ్మ ఆరదు. సీట్లలో వాడే స్పాంజి లాంటి ఫోము నీళ్లు పీల్చుకుని అలాగే ఉంచుకుంటుంది. రేకు తుప్పు పడుతుంది. ఇక చెరువు దగ్గర్నుంచి ఒకసారి చేపల సంచి వేసుకొచ్చారా... ఆ వాసన నెలల తరబడి అతిథి. జనపనార, కొబ్బరి పీచు అట్టలు కూడా అంతే. జనుము మిల్లు ఏలూరుకి కొత్త కాదు, జనపనార నిజంగానే చప్పుడు పీలుస్తుంది. కాకపోతే నీళ్లూ పీలుస్తుంది! డిక్కీ నేల మీద, తీసి ఎండబెట్టుకునే పరుపులాగా వాడుకుంటే మంచిదే. ఏలూరు తివాచీ నేసేవాళ్ల దగ్గర ముక్కలు దొరికితే ఇంకా మంచిది, ఉన్ని హోరుని బాగా మింగుతుంది. తలుపు లోపల మాత్రం ఇవి పనికిరావు.

తలుపు అట్ట వెనక పెట్టడానికి తడి పీల్చని పాలిస్టర్ దూది పొర సరిపోతుంది. దుప్పట్లలో నింపే తెల్ల దూదిలా ఉంటుంది, నీళ్లు పోస్తే కారిపోతుంది. అట్ట రేకుకి కొట్టుకునే చోట గాలి బుడగలు మూసుకుపోయి ఉండే నల్లటి ఫోము పట్టీలు వెయ్యాలి. కిర్రుకిర్రుకి అసలు మందు ఈ పట్టీలే. మూడోదొకటి ఉంది, బరువైన వినైల్ పరుపు. అది శబ్దానికి గోడ. గోడకి కన్నాలుంటే లాభం లేదు, డిక్కీ తలుపంతా కన్నాలే. కాబట్టి దాన్ని స్టెప్నీ గుంట మీద, చక్రాల గూళ్ల మీద పరవాలి. పెద్ద రోడ్డు మీద 'హూ' మనే హోరుకి తేడా తెలిసేది అక్కడే. ఖర్చుకి తట్టుకోలేమనుకుంటే మొదట చక్రాల గూళ్లు, తర్వాతే తలుపు.

థర్మోకోల్ ముక్కలు, పాత దుప్పట్లు కుక్కేవాళ్లూ ఉన్నారు. తలుపులో వెనక దీపాల వైర్లు, కొన్ని కార్లలో వైపరు మోటారు ఉంటాయి. తొందరగా అంటుకునే సరుకు అక్కడ పెట్టకూడదు. అమెరికాలో 1972 నుంచి కారు లోపలి సామగ్రి నిమిషానికి 102 మిల్లీమీటర్లకి మించి కాలకూడదన్న నిబంధన ఉంది. నిప్పు పరీక్షకి నిలిచిన సరుకని పొట్లం మీద రాసి ఉంటే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోవాలి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కారయితే దాని వాల్వు, గ్యాసు బయటికి పోయే గొట్టాలు, అడుగునున్న కన్నాలు, వీటి జోలికి ఏ షీటూ పోకూడదు. ఆ పని గ్యాసు కిట్టు బిగించేవాళ్ల ఎదుటే చేయించుకోవడం మేలు.

అంటించేటప్పుడు...

ప్లాస్టిక్ అట్ట తీసేటప్పుడు క్లిప్పులు రెండో మూడో విరుగుతాయి, ముందే అరడజను కొనిపెట్టుకోవాలి. స్క్రూడ్రైవరుతో కాకుండా ప్లాస్టిక్ పట్టీతో లేపితే గీతలు పడవు. రేకుని స్పిరిట్‌తో తుడవాలి. కిరోసిన్ వద్దు, జిడ్డు మిగులుతుంది. తుప్పు కనిపిస్తే గీకి, ప్రైమరు వేసి, ఆరాకే షీటు. చలికాలం పొద్దున్న బ్యూటైల్ బిరుసుగా ఉంటుంది కాబట్టి ఎండ వచ్చాక మొదలెట్టాలి. చేత్తో అద్దితే చాలదు, రోలరుతో నొక్కి కింద గాలి లేకుండా చెయ్యాలి. గాలి బుడగ ఉన్నచోట షీటు పని చెయ్యదు సరికదా, చెమ్మ చేరుతుంది. అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది, చేతికి తొడుగు ఉండాలి.

తలుపు అడుగు అంచున చిన్నచిన్న కన్నాలుంటాయి. అద్దం రబ్బరు పక్కనుంచి, వైపరు కడ్డీ పక్కనుంచి లోపలికి దిగిన వాన నీళ్లు బయటికి పోయేది వాటిలోంచే. తొందరలో వాటిని షీటుతో మూసేస్తే తలుపు నీళ్ల కుండ అవుతుంది. తుప్పు లోపలినుంచి తింటూ వస్తుంది, రంగు ఉబ్బేదాకా ఎవరికీ కనపడదు. లాకు కదిలే చోటు, వైర్లు వంగే చోటు కూడా ఖాళీగా వదలాలి.

ఫలితం కొలవాలంటే ఫోన్‌లో డెసిబెల్ చూపించే ఉచిత యాప్ చాలు. అంకె కచ్చితంగా ఉండకపోవచ్చుగానీ ముందూ వెనకా తేడాకి పనికొస్తుంది. అదే రోడ్డు, అదే వేగం, టైర్లలో అదే గాలి, అద్దాలు వేసి, ఏసీ ఫ్యాను అదే అంకె మీద పెట్టి చూడాలి. గుండుగొలను నుంచి భీమడోలు దాకా రానూపోనూ చూస్తే సరిపోతుంది. 3 డెసిబెల్స్ తగ్గితే చెవికి తేడా తెలుస్తుంది. 10 తగ్గితే చప్పుడు సగమైనట్టనిపిస్తుంది, కానీ డిక్కీ ఒక్కదానితో అంత తగ్గిస్తామని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు.

అట్ట మళ్లీ బిగించే ముందు ఇంకో పని మిగిలింది. డిక్కీ వేసి, వెనక అద్దం పై అంచు నుంచి రెండు బకెట్ల నీళ్లు నెమ్మదిగా పొయ్యాలి. అడుగు కన్నాల్లోంచి నీళ్లు చుక్కలుగా బయటికి రావాలి. ఆ రాత్రికి అలాగే వదిలేసి, తెల్లారాక తలుపు తీసి రేకు అడుగుభాగం చేత్తో తడిమి చూడాలి. పొడిగా తగిలితే క్లిప్పులు నొక్కేయొచ్చు.